మిషనరీలు, వలసదొరలు ఒకే తాను ముక్కలైతే ఆ గొడవ ఎందుకొచ్చింది?

మీ ప్రశ్న ఇది: మిషనరీలు, వలసదొరలు ఒకే ఓడల్లో వచ్చారు, ఒకే రాజు అండతో వచ్చారు, ఒకే తాను ముక్కలు. మరి స్థానికుల విషయంలో వాళ్ళలో వాళ్ళకే పెద్ద గొడవలయ్యాయని చదివాను. అవి నిజమైన గొడవలేనా, లేక చర్చి పరువు కాపాడటానికి తర్వాత అల్లిన కథలా?

డిగ్రీ కాలేజీలో 26 ఏళ్ళు ప్రపంచ చరిత్ర చెప్పాను. ఏటా ఒక్క స్టూడెంట్ అయినా దాదాపు ఇదే మాట అడిగేవాడు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. గొడవలు నిజమే. ఎంత నిజమంటే, ఒక బిషప్‌ను ఆయన ఇంట్లోనే పొడిచి చంపారు. కానీ అది జాలి గురించి వచ్చిన గొడవ కాదు. "పాపం, వాళ్ళను కాస్త మెల్లగా కొట్టండి" అన్న ఫాదర్లతో దొరలకు పెద్దగా పేచీ లేదు. "మీరు తీసుకున్నది మీది కాదు, తిరిగి ఇచ్చెయ్యండి" అన్నవాళ్ళతోనే పేచీ. ఇది పట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది. నేను స్పానిష్ అమెరికా గురించే రాస్తాను. నేను ఎక్కువగా చదివింది అదే, కాగితాలు బాగా మిగిలింది కూడా అక్కడే.

ముందు అసలు తగాదా దేని మీదో చూద్దాం. కొలంబస్ 1492లో చేరిన దీవుల్లో హిస్పానియోలా ముఖ్యమైనది. ఇప్పుడు అందులో హైతీ, డొమినికన్ రిపబ్లిక్ ఉన్నాయి. అక్కడి జనం టైనోలు. అక్కడ స్పెయిన్ వాళ్ళు ఎంకొమియెండా అనే ఏర్పాటు పెట్టారు. ఒక స్పానిష్ ఆసామికి ఇంతమంది టైనోలు అని రాజు పేరు మీద "అప్పగిస్తారు". వాళ్ళు ఆయనకు గనుల్లో, పొలాల్లో చాకిరీ చెయ్యాలి. బదులుగా ఆయన వాళ్ళకు క్రైస్తవం నేర్పించాలి, కాపాడాలి. కాగితం మీద అది బానిసత్వం కాదు. తెలంగాణ పల్లెల్లో వెట్టిచాకిరీ సంగతులు తాతల నోట విన్నవాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. వెట్టి మనిషిని కూడా ఎవరూ బానిస అని రాసుకోలేదు కదా.

1514లో మనుషుల్ని మళ్ళీ పంచేటప్పుడు లెక్కేస్తే ఆ దీవిలో సుమారు 26 వేల మంది టైనోలే తేలారు. మొదట్లో ఎన్ని లక్షలుండేవారన్న దానిపై పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నేను క్లాసులో మాత్రం ఒక్క విషయం గట్టిగా చెప్పేవాణ్ణి: మశూచి ఆ దీవికి వచ్చింది 1518 చివర్లో. అంటే ఈ నాశనం చాలావరకు మశూచి రాకముందే అయిపోయింది. గనుల్లో చాకిరీ, సొంత పొలాలకు దూరమవడం, ఆకలి, పుట్టే పిల్లలు బతకకపోవడం, ఇవన్నీ కలిసి చంపాయి.

ఇలాంటి సమయంలో, 1510లో, డొమినికన్ సభ అనే కాథలిక్ సన్యాసుల సంఘానికి చెందిన కొద్దిమంది మఠవాసులు ఆ దీవిలోని శాంటో డొమింగో ఊళ్ళో దిగారు. వాళ్ళ పెద్ద పేరు పెద్రో దె కోర్దొబా, ఇంకా ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. ఏడాదికి పైగా కళ్ళతో చూశారు, విన్నారు. తర్వాత అందరూ కూర్చుని ఒక ప్రసంగం రాసుకున్నారు. రేపు ఎవరూ "ఇది ఒక్కడి పిచ్చి" అనకుండా ఆ కాగితం మీద అందరూ సంతకాలు పెట్టారు. చదవడానికి అంతోనియో దె మొంతెసినోస్‌ను ఎంచుకున్నారు, గొంతు బాగా ఉన్నవాడని.

1511 డిసెంబరు 21, ఆగమన కాలపు, అంటే క్రిస్మస్‌కు ముందు వచ్చే వారాల్లో, నాలుగో ఆదివారం. గుడిలో ముందు వరసలో గవర్నరు దియెగో కొలంబస్, అంటే కొలంబస్ కొడుకు. ఆయన వెనక అధికారులు, ఎంకొమియెండా ఆసాములు. ఆ రోజు చదివిన బైబిల్ భాగం "ఎడారిలో కేక వేసే స్వరం". మొంతెసినోస్ ఆ కేకను నేనే అన్నాడు, ఈ దీవి అనే ఎడారిలో. మీరందరూ చావైన పాపంలో, అంటే ఆత్మను నరకానికి తోసే పాపంలో ఉన్నారు, అందులోనే బతుకుతున్నారు, అందులోనే చస్తారు అన్నాడు. తర్వాత అడిగిన ప్రశ్నలివి: ఏ హక్కుతో, ఏ న్యాయంతో వీళ్ళను ఇంత ఘోరమైన వెట్టిలో పెట్టారు? తిండి పెట్టకుండా, రోగమొస్తే చూడకుండా, రోజూ బంగారం కోసం వీళ్ళను చంపుకుంటున్నారే? వీళ్ళు మనుషులు కారా? వీళ్ళకు వివేకం గల ఆత్మలు లేవా? మిమ్మల్ని మీరు ప్రేమించుకున్నట్టు వీళ్ళను ప్రేమించాల్సిన బాధ్యత మీకు లేదా?

శాంటో డొమింగో సముద్రం ఒడ్డున మెక్సికో కానుకగా ఇచ్చిన ఆయన విగ్రహం ఒకటుంది. చాలా పెద్దది. చెయ్యి నోటి దగ్గర పెట్టుకుని, గాలికి ఎదురుగా అరుస్తున్నట్టు ఉంటుంది. ఆ ఫోటోను బోర్డు పక్కన అతికించి ఈ పాఠం మొదలుపెట్టేవాణ్ణి. క్లాసు నిశ్శబ్దమైపోయేది.

భోజనాలయ్యాక ఆసాములంతా గవర్నరు ఇంట్లో కలిశారు. అక్కడి నుంచి నేరుగా మఠానికి వెళ్ళారు. ఆ మఠం అంటే గడ్డి కప్పిన చిన్న ఇల్లు. ఆ ప్రసంగం చేసిన ఫాదర్ మాట వెనక్కి తీసుకోవాలి, లేకపోతే మూటాముల్లె సర్దుకుని స్పెయిన్ ఓడ ఎక్కండి అన్నారు. పెద్రో దె కోర్దొబా శాంతంగా, సర్దుకోడానికి మాకు పెద్దగా ఏమీ లేదు, అది కొద్దిసేపటి పని అన్నాడు. సరే, వచ్చే ఆదివారం మొంతెసినోసే మళ్ళీ మాట్లాడతాడు అని చెప్పి పంపాడు. మాట వెనక్కి తీసుకుంటాడనుకుని డిసెంబరు 28న ఊరంతా గుడికి వచ్చింది. ఆయన వెనక్కి తీసుకోలేదు సరికదా, ఇంకో మెట్టు పైకెక్కాడు. ఇకపై మీలో ఎవరి పాపసంకీర్తనమూ (పాపాలు ఫాదర్ ముందు ఒప్పుకుని క్షమాపణ పొందడం) వినం, దారిదోపిడీ దొంగలకు ఎలా వినమో మీకూ అలాగే అన్నాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆ కాలపు కాథలిక్కుకు పాపసంకీర్తనం లేకపోవడమంటే ఏమిటో మన ఊళ్ళ "వెలి" గుర్తు తెచ్చుకుంటే కొంత తెలుస్తుంది. కానీ వెలి బతికున్నంత వరకే. ఇది చచ్చాక కూడా వెంటాడుతుంది, పాపవిమోచనం లేకుండా పోతే నరకమే అని వాళ్ళు మనసారా నమ్మారు. సైన్యం లేని, డబ్బు లేని ఫాదర్ల చేతిలో ఉన్న ఒకే ఆయుధం అది. దాన్ని తీశారు. అదీ గొడవ.

రాజు ఫెర్దినాండ్ 1512 మార్చిలో గవర్నరుకు కోపంగా ఉత్తరం రాశాడు, ఆ ఫాదర్లను నోరు మూసుకోమని చెప్పు అని. స్పెయిన్‌లోని డొమినికన్ పెద్దలు కూడా సొంత మనుషుల్నే మందలించారు. ఇంకా మీ ప్రశ్నకు బాగా పనికొచ్చే విషయం ఒకటుంది. తమ తరఫున రాజు దగ్గర మాట్లాడటానికి ఆసాములు ఎవరిని పంపారనుకున్నారు? ఇంకో మిషనరీని. ఫ్రాన్సిస్కన్ అనే ఇంకో సన్యాసుల సభకు చెందిన అలోన్సో దె ఎస్పినాల్‌ను. అంటే "మిషనరీలు ఒకవైపు, దొరలు ఇంకోవైపు" అని గీత గీసే వీల్లేదు. గీత మిషనరీల మధ్యలోంచే పోయింది.

మొంతెసినోస్ కూడా స్పెయిన్ వెళ్ళి రాజుకు మొర పెట్టుకున్నాడు. దాని ఫలితం 1512 డిసెంబరు 27న వచ్చిన బుర్గోస్ చట్టాలు. నాలుగో నెల దాటిన గర్భిణిని గనులకు పంపకూడదు. ఎవరూ ఇండియన్‌ను (అక్కడి స్థానికుల్ని స్పెయిన్ వాళ్ళు అలా పిలిచేవారు) కర్రతో గానీ కొరడాతో గానీ కొట్టకూడదు, "కుక్క" అని పిలవకూడదు, సొంత పేరుతోనే పిలవాలి. ఆ ఒక్క వాక్యం చాలు, అంతకుముందు రోజూ ఏం జరుగుతుండేదో చెప్పడానికి. కానీ అవే చట్టాలు ఎంకొమియెండా న్యాయమేనని ఖాయం చేశాయి. ఫాదర్లు అడిగింది "వదిలెయ్యండి" అని. రాజు ఇచ్చింది "బాగా చూసుకోండి" అని. ఆ వెంటనే, 1513లో, ఇంకో కాగితం తయారైంది. యుద్ధానికి ముందు స్థానికులకు చదివి వినిపించాల్సిన హెచ్చరిక అది: పోప్‌ను, రాజును ఒప్పుకోండి, లేకపోతే మీ భార్యాబిడ్డల్ని బానిసలుగా తీసుకుంటాం, ఆ తప్పు మీదే. దాన్ని వాళ్ళకు అర్థం కాని భాషలో, ఒక్కోసారి ఊరికి దూరంగా చెట్ల మధ్య నిలబడి చదివేవారు. మనస్సాక్షి గురించి మొదలైన వాదన యుద్ధానికి రశీదుగా మారింది. దీన్ని చదివినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది.

ఇప్పుడు బర్తొలొమె దె లాస్ కాసాస్ దగ్గరికి వద్దాం. ఆయన పేరు మీరు వినే ఉంటారు. మొంతెసినోస్ ప్రసంగం ఇవాళ మనకు తెలుస్తున్నదే ఆయన రాసిపెట్టడం వల్ల. కానీ ఆయన మొదట ఎదుటి పక్షంలోని మనిషి. 1502లో హిస్పానియోలా వచ్చాడు, ఆయన కిందా ఇండియన్లు ఉండేవారు. ఫాదర్‌గా అభిషేకం పొందాక కూడా ఉన్నారు. ఒకసారి పాపసంకీర్తనానికి వెళ్తే ఒక డొమినికన్ ఫాదర్ వినను పొమ్మన్నాడు. లాస్ కాసాస్ వాదనకు దిగితే, నిజానికి ఎప్పుడూ శత్రువులు ఎక్కువ, అబద్ధానికి ఎప్పుడూ సాయం ఎక్కువ అని మాత్రం అన్నాడట. ఈ సంగతి దాచకుండా రాసుకున్నది లాస్ కాసాసే.

అయినా ఆయన మారలేదు. సైన్యం వెంట ఫాదర్‌గా క్యూబా వెళ్ళాడు. కావొనావో అనే ఊళ్ళో, చూడ్డానికి వచ్చి కూర్చున్న జనాన్ని స్పానిష్ సైనికులు ఉన్నట్టుండి కత్తులు దూసి నరకడం కళ్ళారా చూశాడు. చూసి కూడా క్యూబాలో ఎంకొమియెండా తీసుకున్నాడు. చెడ్డవాడై కాదు. నా దగ్గర ఉన్నవాళ్ళను నేను బాగానే చూసుకుంటున్నాను కదా అన్న సమాధానం మనిషిని ఎంతకాలమైనా నిద్రపుచ్చగలదు. 1514లో పెంతెకోస్తు పండక్కి ప్రసంగం తయారు చేసుకుంటూ కాథలిక్ బైబిల్లోని సీరా జ్ఞానగ్రంథం 34వ అధ్యాయం తీశాడు. పేదవాడి రొట్టె వాడి ప్రాణం, దాన్ని లాక్కున్నవాడు హంతకుడు అని ఉంటుందక్కడ. ఆ డొమినికన్ మాట అప్పుడు తగిలింది. ఆగస్టు 15న గుడిలో అందరి ముందూ తన దగ్గరున్న ఇండియన్లను వదులుకుంటున్నానని చెప్పాడు, మీరూ వదలకపోతే మీకు మోక్షం లేదన్నాడు. అప్పటికి ఆయనకు సుమారు 30 ఏళ్ళు. ఆ తర్వాత 50 ఏళ్ళకు పైగా, 1566లో చనిపోయే వరకు, ఇదే పని.

ఆయన పోరాటంతో 1542 నవంబరులో కొత్త చట్టాలు వచ్చాయి. ఇకపై ఇండియన్లను బానిసలుగా చెయ్యకూడదు. కొత్తగా ఎంకొమియెండాలు ఇవ్వకూడదు, ఉన్న ఆసామి చనిపోతే అవి కొడుకులకు పోకుండా రాజుకు చేరాలి. ఈ చివరి మాట దొరల నెత్తిన పిడుగే అయింది. పెరూలో గొన్సాలో పిజారో అనే దొర తిరుగుబాటు చేశాడు. చట్టాలు అమలు చెయ్యడానికి వచ్చిన వైస్రాయ్‌ను 1546 జనవరిలో యుద్ధంలో ఓడించి తల నరికారు. మెక్సికోలో అధికారులే భయపడి చట్టాన్ని పక్కన పెట్టారు. 1545లోనే అప్పటి స్పెయిన్ రాజు చార్లెస్ ఆ వారసత్వపు నిబంధనను వెనక్కి తీసుకున్నాడు.

అప్పట్లో స్పానిష్ అధికారులకు ఒక పద్ధతి ఉండేది. రాజు ఆజ్ఞాపత్రం వస్తే దాన్ని ముద్దు పెట్టుకుని, నిజంగానే తల మీద పెట్టుకునేవారు. మన "శిరసావహించడం" అన్నమాట, అక్షరాలా. ఆ తర్వాత "విధేయులమే, కానీ అమలు చెయ్యం" అనేవారు. అది చట్టం ఒప్పుకున్న మాటే. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

చట్టం చేతిలోంచి జారిపోయేసరికి లాస్ కాసాస్ మళ్ళీ ఆ పాత ఆయుధమే పట్టుకున్నాడు. 1545లో మెక్సికో దక్షిణాన ఉన్న చియాపాస్‌కు బిషప్‌గా వెళ్ళాడు. ఇండియన్లను బానిసలుగా ఉంచుకున్నవాళ్ళకు తన అనుమతి లేకుండా ఎవరూ పాపవిమోచనం ఇవ్వకూడదని ఫాదర్లందరికీ చెప్పాడు. కింది ఫాదర్ ఒకాయన ఆ మాట లెక్కచెయ్యకుండా ఇచ్చేశాడు. ఆయన్ని పట్టుకురమ్మంటే ఊరి ఆసాములు ఆయుధాలతో బిషప్ ఇంటి మీద పడ్డారు. ఏడాది తిరిగేసరికి లాస్ కాసాస్ ఆ ఊరు వదలాల్సి వచ్చింది. ఇవాళ ఆ ఊరి పేరు శాన్ క్రిస్తోబాల్ దె లాస్ కాసాస్.

పోతూ పోతూ ఫాదర్ల కోసం 12 నియమాలు రాశాడు. నా దృష్టిలో ఆయన రాసిన వాటన్నిటిలోకీ పదునైనవి అవే. దండయాత్రలో పాల్గొన్న సైనికుడు చావుమంచం మీద ఫాదర్‌ను పిలిస్తే, ఫాదర్ ముందు నోటరీని పిలిపించాలి. చనిపోయే మనిషి కాగితం మీద రాయించాలి: నేను స్పెయిన్ నుంచి ఏమీ తేలేదు, నాకున్నదంతా ఇండియన్ల దగ్గర తీసుకున్నదే, దాన్ని తిరిగి ఇచ్చే అధికారం ఈ ఫాదర్‌కు ఇస్తున్నాను, నా బానిసలందరినీ విడిచిపెడుతున్నాను. వంద మంది సొంత కొడుకులున్నా సరే, వాళ్ళకు వారసత్వంగా చిల్లిగవ్వ రాదు. సంతకం అయ్యాకే పాపసంకీర్తనం. ఊపిరి ఆగిపోతున్న మనిషి, పక్కన ఏడుస్తున్న భార్యాబిడ్డలు, మంచం దగ్గర కలం పట్టుకున్న నోటరీ. ఆ గది ఒక్కసారి ఊహించుకోండి. దొరలకు ఆయన మీద అంత కసి ఎందుకో అర్థమవుతుంది. 1548లో రాజు ఈ నియమాల ప్రతులన్నీ వెతికి పట్టుకురమ్మన్నాడు. అయినా పెరూలో కొందరు పాత సైనికులు ముసలితనంలో నిజంగానే వీలునామాల్లో ఇండియన్లకు సొమ్ము తిరిగి రాశారు. అంతా కాదు, కొంత. అయినా రాశారు.

నేను మొదట్లో చెప్పిన బిషప్ అంతోనియో దె వాల్దివియెసో. నికరాగువాలో ఉండేవాడు, ఆయనా డొమినికనే. అక్కడి గవర్నరు కుటుంబం ఎంకొమియెండాలను ఇంటిల్లిపాది పేర్ల మీద పెట్టుకుని అనుభవిస్తోందని ఆయన రాజుకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. ఆ కుటుంబం చేతిలోంచి అవి పోయాయి. 1550 ఫిబ్రవరి 26న ఆ మాజీ గవర్నరు కొడుకు మనుషుల్ని వెంటేసుకుని బిషప్ ఇంట్లో దూరి పొడిచేశాడు. కథలు అల్లడానికి ఇంత రక్తం అక్కర్లేదు.

ఇంతవరకు చదివి మిషనరీలంటే ఇలాంటివాళ్ళే అనుకుంటే మళ్ళీ పొరపాటే. మెక్సికోలో మొతొలినియా అనే ఫ్రాన్సిస్కన్, పేదల మనిషిగా పేరున్నవాడు, 1555లో రాజుకు పెద్ద ఉత్తరం రాసి లాస్ కాసాస్‌ను కడిగేశాడు. ఇండియన్ల బాధల గురించిన కాగితాల మూటలను ఇండియన్ కూలీల వీపుల మీదే మోయిస్తూ తిరుగుతాడు అని ఎత్తిపొడిచాడు. ఇక మెక్సికోలోని యుకతాన్‌లో దియెగో దె లాందా అనే ఇంకో ఫ్రాన్సిస్కన్ చేసింది వింటే మనసు వికలమవుతుంది. బాప్తిస్మం పొందిన మాయా జనం చాటుగా పాత దేవుళ్ళను కొలుస్తున్నారని 1562లో వేలమందిని పట్టుకున్నాడు. మణికట్లకు తాళ్ళు కట్టి వేలాడదీసి, కాళ్ళకు రాళ్ళు కట్టించాడు. జులై 12న మానీ అనే ఊళ్ళో వాళ్ళ విగ్రహాలతో పాటు వాళ్ళ పుస్తకాలను కూడా తగలబెట్టాడు. తర్వాతి విచారణలో 4,500 మందికి పైగా హింసకు గురయ్యారని, 158 మంది చనిపోయారని తేలింది. దాన్ని ఆపింది కొత్తగా వచ్చిన బిషప్ తొరాల్, ఆయనా ఫ్రాన్సిస్కనే. అయినా పదేళ్ళు తిరిగేసరికి లాందాయే అక్కడికి బిషప్‌గా తిరిగొచ్చాడు.

లాస్ కాసాస్‌కూ పెద్ద మచ్చ ఉంది, దాన్ని దాచి చెబితే చరిత్ర చెప్పినట్టు కాదు. ఇండియన్ల చాకిరీ తగ్గించడానికి ఆఫ్రికా నుంచి బానిసల్ని తెప్పించమని మొదట్లో ఆయనే సలహా ఇచ్చాడు. ముసలితనంలో రాసుకున్నాడు: నల్లవాళ్ళను బానిసలు చెయ్యడం కూడా అంతే అన్యాయమని తర్వాత తెలిసింది, తెలియక చేశాననేది దేవుని తీర్పులో నన్ను కాపాడుతుందో లేదో అని. ఆ వాక్యంలో సమర్థన లేదు. అది రాసినందుకు ఆయన మీద గౌరవం పెరుగుతుంది, ఆ సలహా వల్ల జరిగింది మాత్రం తగ్గదు.

ఇంకొక మాట. ఇంతసేపూ మాట్లాడింది స్పెయిన్ వాళ్ళే. 1550-51లో స్పెయిన్‌లోని వాయదోలిద్‌లో లాస్ కాసాస్, దండయాత్రల్ని సమర్థించిన సెపూల్వెదా పండితుల ముందు రోజుల తరబడి వాదించారు, ఇండియన్లు పుట్టుకతోనే సేవకులా కాదా అని. తీర్పు ఏదీ వెలువడలేదు. ఆ సభలో ఒక్క ఇండియన్ కూడా లేడు. అందుకే మీరు ఈ విషయం చదివేటప్పుడు ఎన్రికియో గురించి తప్పకుండా చదవండి. టైనో నాయకుడి బిడ్డ. ఫ్రాన్సిస్కన్ల మఠంలో పెరిగి చదవడం, రాయడం నేర్చుకున్నాడు. పెద్దయ్యాక అతన్నీ, అతని మనుషుల్నీ ఒక కుర్ర ఆసామికి అప్పగించారు. ఆ కుర్రాడు అతని గుర్రాన్ని లాక్కున్నాడు, భార్య మెన్సియా మీద చెయ్యి వేశాడు. ఎన్రికియో ఊరి అధికారికి ఫిర్యాదు చేస్తే జైల్లో పెట్టారు. శాంటో డొమింగోలోని పెద్ద కోర్టుకు వెళ్ళాడు. వాళ్ళు ఒక ఉత్తరం రాసి చేతికిచ్చి, మళ్ళీ ఆ పాత అధికారి దగ్గరికే పొమ్మన్నారు. ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకు ఆ బాధ తెలుస్తుంది. 1519లో తన వాళ్ళను తీసుకుని బఒరుకో కొండలెక్కాడు. దొరికిన స్పానిష్ సైనికుల్ని అవసరం లేకపోతే చంపకుండా ఆయుధాలు లాక్కుని వదిలేసేవాడని లాస్ కాసాస్ రాశాడు. దాదాపు 14 ఏళ్ళు పట్టలేకపోయారు.

చివరికి 1533లో రాజు చార్లెస్ నుంచి అతని పేరు మీద ఉత్తరం వచ్చింది. పేరు ముందు "దొన్" అని గౌరవవాచకం పెట్టి, క్షమాభిక్ష, స్వేచ్ఛ, ఉండటానికి సొంత ఊరు ఇస్తామని. ఎన్రికియో ఆ ఉత్తరాన్ని ముద్దు పెట్టుకుని తల మీద పెట్టుకున్నాడు, అచ్చం స్పానిష్ అధికారుల్లాగే. తేడా ఒక్కటే, అతను ఆ మాట నిలబెట్టుకున్నాడు. తన వాళ్ళతో కొండ దిగి ఆ ఊళ్ళో ఉన్నాడు, రెండేళ్ళకు, 1535లో, చనిపోయాడు.